పాట నడుమ శబాష్

నా చిన్నప్పుడు మా ఊళ్ళో పాట అయిపోయిందని చెప్పేది పాడేవాడు కాదు, మా తాత. పెద్దపల్లి నుంచి ఎడ్లబండి మీద ఒక పూటలో చేరుకునే ఊరు మాది. ఏటా పంట ఇంటికి చేరాక యక్షగానం మేళం వాళ్ళు వచ్చి ఆట కట్టేవాళ్ళు. వేషగాడు పాట పాడి ఆగగానే, ముందు చాప మీద కూర్చున్న మా తాత "శబాష్ బిడ్డా!" అని గొంతెత్తి అనేవాడు. ఆ మాట పడ్డాకే వేషగాడు కథలో ముందుకు పోవాలి. పడలేదంటే పాట ఇంకా కుదరలేదని అర్థం, మళ్ళీ ఎత్తుకోవాలి. ఈ కట్టుబాటు ఎవరు పెట్టారో నాకు తెలియదు. నాకు ఊహ తెలిసేసరికే అది మా ఊళ్ళో పాతుకుపోయి ఉంది. మా ఊరంటే కొత్త వేషగాళ్ళకు భయమని, ఆట ముందు చెంబుల కొద్దీ నీళ్ళు తాగేవాళ్ళని చెప్పుకునేవారు.

మా తాతకు పాడడం రాదు. నాగలి దున్నుతూ ఆయన కూనిరాగం తీస్తే ఎడ్లు ఆగిపోయి వెనక్కి తిరిగి చూసేవని మా నాయినమ్మ అనేది. కానీ వినడం ఆయనకు వచ్చినంతగా మా చుట్టుపక్కల ఇంకెవరికీ రాదు. పాట మొదలవగానే తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకునేవాడు. పొగాకు చుట్ట చేతిలోనే ఆరిపోయేది. పక్కన పిడుగు పడ్డా కదిలేవాడు కాదు. అట్లా వినేవాడు కాబట్టే ఊరు ఆ ముందు చాప ఆయనకు వదిలిపెట్టింది.

అందరి పాటా వినేవాడు గాని ఆయన ప్రాణమంతా ఒక్కడి మీదే ఉండేది. ఆ మేళంలో రాణి వేషం కట్టే ఆయన మీద. ఆ మేళంలో ఆడవేషాలు కూడా మగవాళ్ళే కట్టేవాళ్ళు. కథ ఏదైనా రాణి మాత్రం ఆయనే. బక్కపలచటి మనిషి, మామూలు బట్టల్లో సంతలో ఎదురైతే ఎవరూ రెండోసారి చూడరు. మొహానికి పసుపుపచ్చటి అర్దళం పూసుకుని, చీర కట్టి, కొయ్య కిరీటం పెట్టుకుని గొంతు విప్పాడా, కొట్లాడుకునే కుక్కలు కూడా ఆగేవి. ఆయన పాట కోసం మా తాత ఒకసారి హుస్నాబాద్ దాకా బండి కట్టుకుని పోయాడు. అంత దూరం ఎద్దు కొనడానికి కూడా పోలేదు. తిరిగి వచ్చాక వారం రోజుల పాటు ఇంట్లో ఎవరేమడిగినా ఆ పాట సంగతే చెప్పాడట.

ఆదిలాబాద్ అడవుల వైపు నుంచి ఏడాదికోసారి మాకు తేనె వచ్చేది. ఆ తేనె జాడీ ఉట్టి మీద ఉండేది. మాకు దగ్గు వస్తే మిరియాల కషాయమే గతి. తేనె అడిగితే "అది రాణి గొంతుకు" అనేవాడు మా తాత. ఆట మర్నాడు ఆ రాణిగారు మా ఇంటికి భోజనానికి వచ్చేవాడు, పోయేటప్పుడు జాడీ పట్టుకుపోయేవాడు. ఆ జాడీ చుట్టూ చీమలకున్నంత అదృష్టం కూడా మాకు లేకపోయింది. మా నాయినమ్మ అయితే ఆయన్ని బాహాటంగానే సవతి అనేది. మేళం ఊళ్ళోకి దిగిందని తెలిస్తే చాలు, చేట చేతిలోనే పట్టుకుని వాకిట్లోకి వచ్చి, "నీ చిన్న పెండ్లాం వచ్చింది, పో! తలకు నూనె రాసుకొని పో!" అని మా తాతను ఆటపట్టించేది. రాణిగారేం తక్కువ తినలేదు. మా ఇంటికి వచ్చినప్పుడు గడపలోంచే "అక్కా, మంచిగున్నవా?" అని మా నాయినమ్మను పలకరించేవాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది, ఆ తరువాత ఆయన విస్తట్లో నెయ్యి ఇంకాస్త ఎక్కువే పోసేది.

అట్లాంటి మా తాతకు చెవులు పోయాయి.

ఒక్కరోజులో పోలేదు. ఇంట్లో పిలుపుల గొంతు కొంచెం కొంచెంగా పెరుగుతూ పోయింది. ఎదురింటి మామ ఒకాయన ఉండేవాడు, మాటకారి, ఎవరి గుట్టయినా బయటికి లాగందే నిద్రపోయేవాడు కాదు. ఆయనకు అనుమానం వచ్చింది. పొద్దున్నే వచ్చి మా అరుగు మీద కూర్చుని, మామూలు గొంతుతో "మామా, నీ ఎడ్లు రెండూ నా చేన్ల పడ్డయే" అనేవాడు. మా తాత ఎదుటివాళ్ళ పెదాలు చూసి, ఏమీ అంతు పట్టకపోతే, ఎల్లకాలం పనికొచ్చే ఒక జవాబు దగ్గర ఉంచుకున్నాడు. "గట్లనే గద మరి!" అని తల ఊపేవాడు. పెళ్ళి కబురుకూ అదే, చావు కబురుకూ అదే. ఎదురింటి మామ తొడ చరుచుకుని నవ్వుకుంటూ పోయేవాడు. ఇంట్లో వాళ్ళకు తెలుసు, వాడకట్టుకు సగం తెలుసు, ఊరికి మాత్రం ఇంకా తెలియదు.

నాకు ఆ సంగతి మా తాతే చెప్పాడు. ఒకనాడు చేనుకు సద్ది తీసుకుపోయాను. బావి దగ్గర మోట తోలుతున్నారు. మా తాత గట్టు మీద కూర్చుని గిరక వైపే చూస్తున్నాడు. నన్ను దగ్గరికి పిలిచి, "బిడ్డా, గా గిరక కిర్రుమంటుందా?" అని అడిగాడు. "చెవులు పలిగేటట్టు మొత్తుకుంటుంది తాతా" అన్నాను. ఆయన గిరకనే చూస్తూ ఉండిపోయాడు. ఏ ధ్వని వింటూ ముప్పై పంటలు తీశాడో ఆ ధ్వని ఆయనకు ఇక లేదు. నా వేళ్ళు పట్టుకుని, "నాకు ఇనవడుతలే. ఎవ్వలకు చెప్పకు" అన్నాడు. అంత పెద్ద మనిషి అంత చిన్న గొంతుతో మాట్లాడడం నేను అంతవరకు వినలేదు. నాకు ఏడుపొచ్చింది.

మేళం వచ్చే రోజులు దగ్గరపడ్డాయి. పోకుండా ఉండొచ్చు కదా అని నాకనిపించింది, అదే అడిగాను. పెదాలు బాగా కదిపి, చేతులు తిప్పి అడిగాను. మా తాత చాలాసేపు ఆలోచించే ఉంటాడు, జవాబు తయారుగా ఉంది. "నేను పోకుంటే నా మీద అలిగిండనుకుంటడు. పోయి ఊకె కూసుంటే పాట మంచిగ లేదనుకుంటడు. గా రాణి పరేషాన్ అయితది బిడ్డా" అన్నాడు. తనకు పాట వినపడటం లేదన్న బాధ కంటే, పాడేవాడికి శబాష్ అందదేమో అన్న దిగులే ఆయనకు ఎక్కువగా ఉంది. అభిమానం అంటే ఏమిటో నేను ఆ తరువాత చాలా చోట్ల చూశాను గాని, ఇంత నిఖార్సయినది చూడలేదు.

ఉపాయం కూడా ఆయనే చెప్పాడు. నేను ఆయన పక్కనే చాప మీద కూర్చోవాలి. ఆయన ధోతి అంచు నా పిడికిట్లో ఉండాలి. పాట అయిపోగానే ఒక్క గుంజు గుంజాలి. అంతే. మద్దెల వాయించేవాడి చేతులు చూసి పోల్చుకోవచ్చు గదా అని మీరనవచ్చు. ఆ చేతులు ఎప్పుడూ ఆడుతూనే ఉంటాయి, వాటిలో పాట ముగించే ముక్తాయింపు ఏదో చెవికే తెలుస్తుంది. ఆ యేడు మా ఉపాయం బ్రహ్మాండంగా పారింది. ముక్తాయింపు పడగానే నేను గుంజడం, వెంటనే మా తాత "శబాష్ బిడ్డా!" అనడం. జనం ఎప్పటిలాగే తలలూపారు. ఎదురింటి మామ మెడ చాచి చాచి చూశాడు గాని ఏమీ పసిగట్టలేకపోయాడు. ఒక్క సంగతి మాత్రం చెప్పాలి. ఆ రోజు నేను ఒక్క పాటా వినలేదు. ముక్తాయింపు దెబ్బ ఎప్పుడు పడుతుందా అని కాచుకుని కూర్చున్నదానికి పాట ఏం తలకెక్కుతుంది! అందరూ ఆ గొంతు గురించి ఎందుకు అంత ఇదైపోతారో నాకు అప్పటికీ తెలియదు.

ఇక నేను చెప్పదలుచుకున్నది ఆ మరుసటి యేటి ఆట గురించి. పోలీసు చర్య అయిపోయిన కొత్త రోజులవి. చీకటి పడ్డాక గుమిగూడడానికి జనం ఇంకా జంకుతున్నారు. అందుకని మేళం వాళ్ళు పగటి పూటే ఆట కట్టేవాళ్ళు. మధ్యాహ్నం బువ్వలు తిన్నాక మొదలుపెడితే దీపాలు పెట్టే వేళకు ముగిసేది. చావడి ముందు జాగంతా ఊడ్చి, కల్లాపి చల్లి, గోనెసంచులు కుట్టి నీడ కట్టారు. ఆడవాళ్ళంతా ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క. ముందు చాప మీద మా తాత, పక్కన నేను.

నేను కొంచెం ముందుగా వచ్చి చాప దులుపుతుంటే ఎదురింటి మామ చావడి గోడ పక్కన నలుగురిని పోగేసుకుని మాట్లాడుతున్నాడు. "ముసలాయనకు చెవులు పోయి ఏండ్లయింది. శబాష్ ఎట్లంటుండో ఇయ్యాల దొరకవడ్త. దొరికిండంటే గా చాప ఇడువాలె మరి" అన్నాడు. ఆయన చెడ్డవాడేమీ కాదు. మా అవ్వకు, అంటే మా అమ్మకు, జ్వరమొస్తే ఆరు కోసుల దూరం నుంచి వైద్యుణ్ణి మోసుకొచ్చినట్టు తీసుకొచ్చింది ఆయనే. కాని ఆ చాప మీద ఆయనకు ఎప్పటి నుంచో కన్నుంది. మా తాతను ఆ చాప మీంచి లేపితే ఆయన ఇంటికి నడిచి రాగలడా అన్నది నా భయం. ధోతి అంచు వేలికి రెండు చుట్లు చుట్టుకుని కూర్చున్నాను.

ఆట మొదలైంది. రాజు వచ్చాడు, బంటు వచ్చాడు, నవ్వించేవాడు వచ్చాడు. నేను గుంజడం, మా తాత శబాష్ అనడం, అంతా పద్ధతి ప్రకారం నడిచింది. ఎదురింటి మామ మా వెనకకే జరిగి కూర్చున్నాడు. ఆయన ఊపిరి నా మెడకు తగులుతోంది. నేను చెయ్యి పావడ మడతల్లో దాచి గుంజుతున్నాను.

అప్పుడు రాణి వచ్చింది. ఆ యేటి కథలో రాణి రాజ్యం పోగొట్టుకుని, ఎవరికీ తెలియకుండా ఒకరి ఇంట్లో వడ్లు దంచే పనికి కుదురుతుంది. కిరీటం తీసేసి, నెత్తికి పాత కొంగు చుట్టుకుని, చేతిలో రోకలి పట్టుకుని వచ్చాడు ఆయన. ఇంటి వాళ్ళ కంటే ముందే లేచి దంచాలి, పక్కనే గోనె మీద తన బిడ్డ నిద్రపోతోంది. ఆ రాణి రోకలితో మాట్లాడుతూ పాట ఎత్తుకుంది. "మెల్లగ పడవే ఓ రోకలీ, బిడ్డ లేస్తదే" అని.

నాకు మా అవ్వ కనపడింది. కోడి కూయకముందే మా అవ్వ లేచి వడ్లు దంచేది. నేను దుప్పట్లో నుంచే వినేదాన్ని, ఆ దెబ్బ మెత్తగా, దూరం నుంచి వచ్చినట్టు ఉండేది. దంచడమంటేనే అట్లా చప్పుడొస్తుందేమో అనుకునేదాన్ని. పగటిపూట అదే రోలు, అదే రోకలి ధన్ ధన్‌మని మోగడం కూడా విన్నాను, కాని రెండూ కలిపి ఎప్పుడూ ఆలోచించలేదు. మా అవ్వ నా నిద్ర కోసం ఆ బరువంతా చేతుల్లో ఆపుకుని దించేదన్న సంగతి ఆ పాట వింటుంటేనే నాకు తెలిసింది. ఆ గొంతు పెద్దగా అరవలేదు. బిడ్డ లేస్తుందేమో అన్న భయం నిజంగా ఉన్నట్టే పాడుతోంది. చావడి ముందు అంత జనం ఉండి కూడా ఎవరూ కదలలేదు. నేను మద్దెల సంగతి మరిచాను, ఎదురింటి మామ సంగతి మరిచాను. వేలికి చుట్టుకున్న ధోతి అంచు ఎప్పుడు జారిపోయిందో నాకు తెలియదు.

పాట ముగిసింది. ముక్తాయింపు పడింది. శబాష్ రాలేదు.

మద్దెల వాయించే ఆయన తలెత్తి చూశాడు. రాణి రోకలి పట్టుకుని అట్లాగే నిలబడి మా చాప వైపు చూసింది. ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మొదటి నుంచి అదే పాట ఎత్తుకుంది. ఈసారి ఇంకా మెల్లగా, ఇంకా లోపలి నుంచి. నేను ఇంకా ఆ పాటలోనే ఉన్నాను. రెండోసారీ ముగిసింది, రెండోసారీ శబాష్ లేదు. రాణి మళ్ళీ ఎత్తుకుంది. మూడోసారి సగానికి వచ్చేసరికి జనంలో గుసగుసలు బయలుదేరాయి. తలలన్నీ మా తాత వైపు తిరిగాయి. ఆయన రాణి మొహం చూశాడు, జనం మొహాలు చూశాడు, ఏదో తప్పిందని అర్థమై నా వైపు చూశాడు. నేను నోరు తెరుచుకుని, కళ్ళనిండా నీళ్ళతో రాణి వైపే చూస్తున్నాను. పాపం, ఆయనకు ఇంకేం తోస్తుంది! గట్టిగా గొంతు సవరించుకుని "శబాష్ బిడ్డా!" అన్నాడు.

పాట ఇంకా నడుస్తూనే ఉంది. మాట మధ్యలో, రోకలి గాలిలో ఉండగా పడింది ఆ శబాష్.

ముందు ఒకడు కిసుక్కుమన్నాడు. ఆ తరువాత జనమంతా గొల్లుమన్నారు. ఎదురింటి మామ లేచి నిలబడి, చేతులు బార్లా చాపి, "సూసిండ్రా! నేను చెప్పలేదా? ఇనవడుతలేదు ముసలాయనకు!" అన్నాడు. నేను ఉలిక్కిపడి ధోతి అంచు కోసం వెతికాను. ఇక ఏం లాభం? మా తాత నవ్వే మొహాలను ఒక్కొక్కటిగా చూస్తున్నాడు. ఒళ్ళోని తలపాగా తీసి నెత్తిన పెట్టుకున్నాడు. లేచి పోవడానికే అని నాకు తెలిసిపోయింది.

అప్పుడు రాణి రోకలి కింద పెట్టింది. పాట ఆపి, మద్దెలను కూడా ఆపమని చెయ్యి చూపించింది. ఆడగొంతు పక్కనపెట్టి తన మామూలు గొంతుతో జనం వైపు తిరిగి అన్నాడాయన. "ఎందుకు నవ్వుతున్నరు? గీ పాటల పట్టుడు అన్నిటికన్న కష్టమయ్యే గట్టి జాగ గదే. మా గురువు గూడ నేను పాడుతుంటే గాడనే శబాష్ అనేటోడు. పాట అయినంక అనుడు అందరికొస్తది. నడుమల అనాల్నంటే గంత ఎరుక ఉండాలె. మూడు మార్లు నాతోని పాడించి, నేను దాన్ని సరిగ పట్టినంకనే ఇచ్చిండు గీ ముందు చాప పటేలు. నా జన్మల గిసొంటి శబాష్ దొరకలే." ఇంత చెప్పి, రాణి చీర కొంగు రెండు చేతులా పట్టుకుని, అక్కడి నుంచే వంగి మా తాతకు దండం పెట్టాడు.

నవ్వు ఎట్లా వచ్చిందో అట్లాగే పోయింది. జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. మా తాతకు మాటలు అందలేదు గాని దండం అందింది. నెత్తిన పెట్టుకున్న తలపాగా మళ్ళీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఎదురింటి మామ చాపిన చేతులు ఏం చేయాలో తెలియక, కాసేపు ఒళ్ళు విరుచుకున్నట్టు నటించి కూర్చున్నాడు.

ఆ తరువాత జరిగిన తమాషా మా ఊరు చాలా ఏళ్ళు చెప్పుకుంది. నడుమలో శబాష్ అనడానికి ఎరుక ఉండాలని తెలిశాక, ఎరుక లేనివాడుగా మిగలడం ఎవరికిష్టం? వేషగాడు నోరు తెరిస్తే చాలు, ఈ మూల నుంచి ఒక శబాష్, ఆ మూల నుంచి ఒక శబాష్. రాజు ఆవేశంగా కత్తి దూస్తే అది ఒరలో ఇరుక్కుంది, దానికీ శబాష్ పడింది. ఎదురింటి మామ అందరికంటే ముందుండాలనుకున్నాడు. దర్బారులో బంటు వేషగాడికి దగ్గు వస్తే "శబాష్!" అని మోకాళ్ళ మీద లేచాడు. ఆడవాళ్ళ వైపు నుంచి మా నాయినమ్మ నవ్విన నవ్వు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. అన్ని శబాష్‌ల మధ్య మా తాత మాత్రం పెద్దమనిషి తరహాగా, నేను గుంజినప్పుడే అంటూ కూర్చున్నాడు.

అంతా నవ్వులతోనే ముగిసింది గాని నా మనసు కుదుటపడలేదు. ఇంటికి వస్తూ మా తాత నా చెయ్యి పట్టుకున్నాడు. ఎందుకు గుంజలేదని అడిగితే బాగుండు, ఏడ్చి చెప్పేసేదాన్ని. ఆయన అడగలేదు. ఆ రోజు నాకు బువ్వ సహించలేదు.

మర్నాడు పొద్దెక్కాక రాణిగారు భోజనానికి వచ్చాడు. మామూలు ధోతి, భుజాన తువ్వాలు, చెవి వెనక ఇంకా అర్దళం పచ్చగా మిగిలి ఉంది. "అక్కా, మంచిగున్నవా?" అన్నాడు. "నిన్న నా మొగనికి దండం పెట్టినవు, నాకెప్పుడన్న పెట్టినవా?" అంది మా నాయినమ్మ. పందిట్లో విస్తళ్ళు వేశారు. ఆయన, మా తాత, పక్కన నేను. మా నాయినమ్మ చారు తేవడానికి లోపలికి పోయిన సందు చూసి ఆయన నా వైపు వంగాడు.

"ఏం బిడ్డా, నిన్న ధోతి ఇడిసిపెట్టినవు?" అన్నాడు.

మా తాత వైపు చూశాను. ఆయన పప్పులో మిరపకాయ ఏరుకుంటూ తన లోకంలో ఉన్నాడు. ఆయన ముందే, ఆయన గురించే మాట్లాడుకుంటున్నామన్న సంగతి ఆయనకు తెలియదు.

"భయపడకు. పోయినేడే చూసిన. నీ చెయ్యి కదిలినంకనే శబాష్ వస్తుండె. ఆడేటోనికి ముందు చాప మీద ఈగ వాలినా కండ్లవడ్తది" అన్నాడు.

ఏడాది నుంచి తెలిసి కూడా ఎవరికీ చెప్పలేదన్నమాట. నేను కొంచెం ధైర్యం తెచ్చుకుని, మీ గురువు నిజంగానే నడుమలో శబాష్ అనేవాడా అని అడిగాను. ఆయన అన్నం మీద చెయ్యి ఆపి నవ్వాడు. "మా గురువా? జన్మల ఒక్కపారి గూడ నన్ను శబాష్ అనలే. బెత్తంతోనే ముచ్చట పెట్టేటోడు" అన్నాడు. నాకూ నవ్వొచ్చింది. నేను నవ్వేదాకా ఆగి, మెల్లగా అడిగాడు. "పాట నడుమల నిద్రొచ్చెనా నిన్న?"

లేదని తల ఊపాను. మా అవ్వ యాదికొచ్చిందని, మా అవ్వ కూడా రోకలి మెల్లగానే వేస్తుందని, పాట వింటూ అన్నీ మరిచిపోయానని, వచ్చీరాని మాటల్లో చెప్పాను. అప్పుడు ఆయన అన్న మాట నేను ఈనాటికీ మరిచిపోలేదు.

"నాకు ఎరుకే బిడ్డా. నీ మొకం చూసిన. మల్ల మల్ల పాడింది శబాష్ రాలేదని గాదు. ఆపితే నీకు ధోతి యాదికొస్తదని ఆపబుద్ధి కాలే."

మా తాత అప్పుడు తలెత్తాడు. మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, "ఏమంటుందే మా రాణి?" అని పెద్దగా అడిగాడు. చెయ్యి చాపి ఆయన ధోతి అంచు పట్టుకుని ఒక్క గుంజు గుంజాను.

"శబాష్ బిడ్డా!" అన్నాడు మా తాత, పందిరి అదిరిపోయేట్టు. లోపల నుంచి చారు గిన్నెతో వచ్చిన మా నాయినమ్మ, బువ్వ తింటుంటే శబాష్ ఏమిటని ముగ్గురినీ కసిరింది. రాణిగారు కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు, కారం ఎక్కువైందని ఆమెతో అన్నాడు.

పోయేటప్పుడు ఎప్పటిలాగే తేనె జాడీ చేతికిచ్చాం. ఆయన వాకిట్లో ఆగి, మూత విప్పి, నా దోసిట్లో తేనె పోశాడు. వేళ్ళ సందుల్లోంచి కారుతుంటే మోచేతుల దాకా నాకాను. మా ఇంట్లో ఆ తేనె రుచి చూసిన మొదటి మనిషిని నేనే. మా తాత చూస్తూనే ఉన్నాడు, వద్దనలేదు.

ఆ మరుసటి యేడు ఆటకు మా తాత ధోతి పట్టుకోమనలేదు. నన్ను తన పక్కన కాకుండా కాస్త ముందుకు, తనకు మొహం కనపడేటట్టు వారగా కూర్చోబెట్టుకున్నాడు. "నువ్వు పాట ఇను. నేను నిన్ను చూస్త" అన్నాడు. అప్పటి నుంచి ఆయనకు తోచినప్పుడు శబాష్ అనేవాడు, ఒక్కోసారి ముక్తాయింపుకు, ఒక్కోసారి నడుమలో. ఆయన ఎప్పుడు అన్నా ఊరు తల ఊపేది. ఎదురింటి మామే అందరికంటే ముందు ఊపేవాడు. మా తాత పోయేదాకా ఆ చాప ఆయనదే. ఆ రాణి పాట ఆయనకు వినపడలేదని నేను అనుకోను. నా మొహం మీదుగా వినే ఉంటాడు.

నేను ఆ తరువాత గొప్ప గొప్ప గొంతులు విన్నాను. కరీంనగర్‌లో, హైదరాబాద్‌లో, టికెట్టు కొని, కుర్చీల్లో కూర్చుని విన్నాను. అందరూ చప్పట్లు కొట్టినప్పుడు నేను కాస్త ఆలస్యంగా కొడతాను. పాట నిజంగా తాకితే మెచ్చుకోవడం గుర్తుండదని నాకు ఆ రోజు తెలిసింది. పదిమంది ముందు తల దించుకోబోతున్న మనిషిని, తాను కాపాడానని చెప్పకుండా కాపాడొచ్చని కూడా ఆ రోజే తెలిసింది. పంతులమ్మగా పనిచేసిన కాలమంతా నేను ఆ రాణి విద్యనే వాడాను. తప్పు చెప్పిన పిల్లను చూసి తరగతి నవ్వితే, నిజానికి గట్టి జాగ అదే అనేదాన్ని.

ఇప్పుడు నా చెవులూ మా తాత చెవుల దారే పట్టాయి. పిల్లలు మిషన్ కొనిచ్చారు, అది ఎక్కువగా గుయ్‌మంటుంది, తక్కువగా వినిపిస్తుంది. మొన్న మా వీధిలో పాటల కార్యక్రమం పెడితే పోయి, మిషన్ తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. వేదిక మీద ఎవరో అమ్మాయి పాడుతోంది. నేను వేదిక వైపు చూడలేదు. ముందు వరుసలో, తల్లి కొంగు పిడికిట్లో పట్టుకుని ఒక చిన్నపిల్ల కూర్చుని ఉంది. చూస్తుండగానే పిల్ల నోరు తెరుచుకుంది, కొంగు మీద పట్టు సడలింది, కొంగు మెల్లగా జారి కింద పడింది. పాట ఇంకా అయిపోలేదని నాకు తెలుసు. అయినా నేను ఆగలేదు.

"శబాష్ బిడ్డా!" అన్నాను.